తప్పుల పక్కకు వేసిన రంగు

2019 సంక్రాంతి వెళ్లగానే నన్ను భావనపాడు పక్కనున్న ఒక మత్స్యకార పల్లెకు చెక్క పడవల నిర్మాణ శిక్షకుడిగా పంపారు. అప్పటికి నా ఉద్యోగం రెండేళ్లే మిగిలి ఉంది. అంతకుముందు అక్టోబరులో వచ్చిన తుఫాను ఉద్దానం తోటల్ని నేలమట్టం చేసింది. జీడి, కొబ్బరి, పనస చెట్లు వేళ్లతో సహా లేచి పడ్డాయి. తీరం మీద పడవలు ఒకదాని మీద ఒకటి పడి పగిలాయి. పడిపోయిన పనస చెట్లను కోయించి, ఆ కలపతో మత్స్యకారులే చిన్న నావలు కట్టుకునేలా నేర్పించాలని నేను పనిచేసే శిక్షణ సంస్థ ఒక పథకం వేసింది. ఆలోచన మంచిదే. పనస చెక్క ఉప్పునీటికి బాగా నిలుస్తుంది, పనివాడి చేతికి లొంగుతుంది.

మాది కాకినాడ వైపు. మా నాన్న పడవ వడ్రంగి. నేను పద్ధతిగా గీతలు గీసి, లెక్కలు వేసి కట్టడం సంస్థలో నేర్చుకున్నాను. టెక్కలిలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ పొద్దున్నే స్కూటర్ మీద పల్లెకు వెళ్లేవాడిని. ఒడ్డుకు కాస్త ఎగువన, ఇసుక గట్టిపడిన చోట తాటాకుల పాక వేయించారు. పలాస సామిల్లులో కోయించి ఆరబెట్టిన పలకలు లారీలో వచ్చాయి. డజను మంది పైగా నేర్చుకోవడానికి చేరారు. అందరూ వేటకు వెళ్లేవాళ్లే. తుఫానులో నావ పోయినవాళ్లే ఎక్కువ.

ఇలాంటి శిక్షణలో ముందు ఒక నమూనా పొట్టు కడతాం. పొట్టు అంటే ఇంజను, తెరచాప ఏమీ లేని పడవ ఒళ్లు. అడుగున వెన్నెముక లాంటి దూలం, దానిమీద పక్కటెముకల్లా నిలబెట్టే వంకర కర్రలు, వాటికి బయటినుంచి బిగించే పలకలు. ఆ వంకర కర్రల్ని వంకులు అంటారు. నమూనా పొట్టు నీళ్లలోకి దిగడానికి కాదు, చూపించడానికి. అందుకే దాన్ని నేను ఎప్పుడూ రెండు రకాలుగా కట్టేవాడిని. ఎడమ పక్కను నేర్చుకునేవాళ్ల చేతే సరైన పద్ధతిలో కట్టించేవాడిని. కుడి పక్క కావాలనే తప్పులతో ఉంటుంది. మొదటిదాన్ని ఒప్పుల పక్క అని, రెండోదాన్ని తప్పుల పక్క అని పిలిచేవాడిని.

ఆ పల్లెలో కట్టిన పొట్టుకు కుడి పక్కన చేవ లేని మామిడి పలకలు వేశాను. గోడ కట్టేటప్పుడు ఇటుకల సందులు ఒకదాని మీద ఒకటి రాకుండా చూస్తాం కదా, పలకల అతుకులు కూడా అలాగే తప్పించి వేయాలి. కుడి పక్కన మూడు వరసల అతుకుల్ని ఒకే వంకు మీదికి తెచ్చాను. రాగి మేకులు కొట్టాల్సిన చోట ఇనుప మేకులు, అదీ పలక అంచుకు మరీ దగ్గరగా కొట్టాను. ఒక్కొక్క తప్పు చుట్టూ సుద్దతో గుండ్రం గీసి, అది సముద్రంలో ఏం చేస్తుందో వివరించేవాడిని. చదువు అలవాటు లేనివాళ్లకు కూడా ఈ పద్ధతి బాగా ఎక్కుతుంది. దాని గురించి నాకు కొంత గర్వం ఉండేది.

నేర్చుకునేవాళ్లలో చిట్టెయ్య అందరికంటే చురుకైనవాడు. నలభై ఏళ్లుంటాయి. చెక్క చెక్కే బాడిస పట్టిన మొదటి వారంలోనే పలక అంచు దువ్వడం పట్టేశాడు. అతని భార్య పారమ్మ, పల్లెలో మరికొందరు ఆడవాళ్లు పాక పక్కన కూర్చుని కొబ్బరి పీచు పేనేవారు. పలకల మధ్య సందుల్లో కూరడానికి ఆ పీచు కావాలి. పీచు పేనుతూనే వాళ్లు పాఠమంతా వినేవారు. పారమ్మ తమ్ముడు ఎర్రయ్య కూడా అప్పుడప్పుడు వచ్చి కూర్చునేవాడు. శిక్షణకు పేరు ఇవ్వలేదు. ఉలి, సుత్తి తనకు పడవని, సముద్రం మీదైతే ఎంత పనైనా చేస్తానని నవ్వేవాడు. అక్క పెళ్లి తర్వాత బావతోనే వేటకు వెళ్లేవాడు. ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క నావా తుఫానులో రెండు ముక్కలైంది.

రంగు గురించి చెప్పిన పాఠం ఒకటి ఇక్కడ చెప్పాలి. పడవకు రంగు చివరి పని. ప్రతి అతుకూ చూసుకుని, ప్రతి మేకూ తట్టి, ఇక ఎక్కడా లోపం లేదని తేలాకే కుంచె పట్టుకోవాలి. రంగు వేయడమంటే వడ్రంగి సంతకం పెట్టడం లాంటిదని వాళ్లకు పదేపదే చెప్పాను. లోపం ఉన్న చెక్క మీద రంగు వేసేవాడి చేతి పడవ ఎక్కవద్దని కూడా అన్నాను.

శిక్షణ ముగింపు సభకు జిల్లా నుంచి పెద్దలు వస్తారని కబురు వచ్చింది. ముందు రోజు మా సహాయ సంచాలకులు ఏర్పాట్లు చూడటానికి వచ్చారు. ఎడమ పక్క చూసి సంతోషించారు. ఇటు తిరిగి కుడి పక్క చూసి ముఖం చిట్లించారు. సుద్ద గుండ్రాలు, ఎడం పడ్డ అతుకులు, తుప్పు కారిన మేకులు. ఫొటోలు తీస్తారు, ఇది ఇలా కనిపిస్తే మనం నేర్పింది ఇదేనా అంటారు, రెండు పక్కలా రంగు వేయించండి అన్నారు. ఇది బోధన కోసం కట్టినదని నేను చెప్పాను. బోధన అయిపోయింది కదా అన్నారు. ఆ మాట నిజమే అనిపించింది. గట్టిగా కాదనలేదు.

కాదనకపోవడంతో ఆగి ఉంటే కొంత నయం. చేసే పని అందంగా ఉండాలన్న చాపల్యం నాది. శిక్షణలో ఉన్నవాళ్లు ఆ సాయంత్రం పందిరి పనిలో ఉన్నారు. నేనే కూర్చుని కుడి పక్క అతుకుల్లో లప్పం పూశాను. మేకుల తలలు కప్పేశాను. సుద్ద తుడిచాను. గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి, పైన తెలుపు, కింద నీలం, మధ్యలో ఎర్రటి గీత వేశాను. దూరం నుంచి చూస్తే రెండు పక్కలకూ తేడా తెలియలేదు. దగ్గరికి వచ్చి చూసినా తెలియలేదు. నా చేతి పని చూసుకుని నేను తృప్తిపడ్డ మాట నిజం.

సభ బాగా జరిగింది. వచ్చిన పెద్దాయన పొట్టు చుట్టూ తిరిగి, సరిగ్గా తప్పుల పక్క మీదే అరచేయి వేసి నిమిరి, ఇలాంటి పనితనం ఇప్పుడెక్కడుందండీ అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను తల వంచి నమస్కారం పెట్టాను. శిక్షణ పూర్తయినవాళ్లు గర్వంగా నా వెనక నిలబడి ఉన్నారు. ఆ పొట్టును జిల్లా కేంద్రంలో ప్రదర్శనకు పెడతామని, లారీ పంపుతామని ప్రకటించారు.

లారీ రాలేదు. పొట్టు పాకలోనే ఉండిపోయింది. ఇంతలో వేట నిషేధం మొదలైంది. ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలంలో మర పడవల్ని సముద్రంలోకి వెళ్లనివ్వరు. ఫైబరు పడవలన్నీ ఒడ్డు మీదికి లాగి కప్పేశారు. ఇంజను లేని, తెడ్లతో నడిచే నాటు పడవలకు మాత్రం ఆ నిషేధం వర్తించదు. మార్కెట్లో చేప లేని రోజులవి. అలాంటి సమయంలో ఇంజను లేని చెక్క నావ, కొత్తగా రంగు వేసినది, ఒడ్డుకు కూతవేటు దూరంలో ఊరికే పడి ఉంది.

నేను సామాన్లు లెక్క చూసి అప్పగించడానికి వెళ్లిన రోజు చిట్టెయ్య టీ బడ్డీ దగ్గర నన్ను ఆపాడు. పక్కన నలుగురైదుగురు ఉన్నారు. ఎర్రయ్య కూడా ఉన్నాడు.

"మాస్టారూ, లారీ వచ్చీదాకా నావ ఊరికే ఎండిపోతంది గదా. ఒక్కపాలి నీల్లలోకి తోసి సూత్తాం. రెండు తెడ్లుంటే సాలు" అన్నాడు.

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. కుడి పక్క ఇంకా తప్పుల పక్కేనయ్యా, లోపల ఏమీ మారలేదు అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ చుట్టూ ఉన్నవాళ్లలో సభకు వచ్చి చప్పట్లు కొట్టినవాళ్లు ఉన్నారు. నిన్నగాక మొన్న దండ వేయించుకున్న మనిషిని. లోపం మీద రంగు పూశానని అక్కడ నిలబడి చెప్పలేకపోయాను. అందుకని, అది ప్రభుత్వ ఆస్తి, పై నుంచి అనుమతి రాకుండా ఎవరూ ముట్టుకోకూడదు అన్నాను. కాస్త కటువుగానే అన్నాను.

"అనుమతి అంటే ఎవులిత్తారు మాస్టారూ?" అని ఎర్రయ్య అడిగాడు.

నేను స్కూటర్ ఎక్కి వచ్చేశాను. అప్పుడు వాళ్లకు అర్థమైంది ఏమిటంటే, నావకు ఏ దోషమూ లేదు, అడ్డం ఉన్నది కాగితమే.

తర్వాత కొన్ని రోజులకు, పొద్దున పదిన్నర వేళ, పారమ్మ నుంచి ఫోను వచ్చింది. గాలి హోరులో మాట సరిగ్గా వినపడలేదు. "మా తమ్ముడి కాలు నలిగిపోనాది మాస్టారూ. టెక్కలి అస్పత్రికి తెత్తన్నాం" అని మాత్రం తెలిసింది. ఏం జరిగిందని నేను అడగలేదు. అడగకుండానే తెలిసింది.

ఆసుపత్రి వరండాలో చిట్టెయ్య తడి బట్టలతోనే ఉన్నాడు. జుట్టులో ఇసుక. అతను చెప్పిన దాన్నిబట్టి జరిగింది ఇది. తెల్లవారగానే బావా బావమరదులిద్దరూ పొట్టును దుంగల మీద దొర్లించుకుంటూ నీళ్లలోకి దించారు. వెళ్లేటప్పుడు అలల్ని ముక్కుతో కోసుకుంటూ చక్కగా వెళ్లింది. వల వేశారు, చేప పడింది. తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డు అలల దగ్గర నావ అడ్డం తిరిగింది. కుడి పక్క సముద్రం వైపు అయింది. పెద్ద అల ఒకటి వచ్చి ఆ పక్కను కొట్టగానే ఒకే వంకు మీదున్న మూడు అతుకులూ తలుపులు తెరుచుకున్నట్టు తెరుచుకున్నాయి. నావ నిండిపోయి పక్కకు ఒరిగింది. ఎర్రయ్య దూకబోయేసరికి అతని మోకాలు నావ అంచుకూ ఇసుకకూ మధ్య పడింది. మళ్లీ వచ్చిన అల నావను ఎత్తి అదే కాలు మీద పడేసింది.

ఇదంతా చెప్పి చిట్టెయ్య ఒక్కసారిగా వంగి నా కాళ్లు పట్టుకున్నాడు.

"సర్కారు నావ పాడుసేసీసినాను మాస్టారూ. మీరు ఒద్దన్నా ఇననేదు. మీ పేరు సెడగొట్టీసినాను. నన్ను సెమించండి."

లోపల అతని బావమరిది కాలిని డాక్టర్లు చూస్తున్నారు. ఇతను నా పేరు గురించి ఏడుస్తున్నాడు. నేను అతన్ని లేపాను. ఉద్యోగంలో నాకు ఎన్నో చీవాట్లు పడ్డాయి. పదిమందిలో తలదించుకున్న రోజులు కూడా ఉన్నాయి. కానీ నావల్ల దెబ్బతిన్న మనిషి నన్నే క్షమించమని అడుగుతుంటే నిలబడటం వేరు. చెంప మీద కొట్టి ఉంటే బాగుండుననిపించింది.

పారమ్మ గోడకు ఆనుకుని కూర్చుని మమ్మల్నే చూస్తోంది. ఏడవడం లేదు. కొంతసేపటికి అడిగింది.

"అది తప్పుల పక్కే గదా మాస్టారూ, ఇరిగింది?"

అవునన్నాను.

"రంగేసినారు గదా. మాస్టారు రంగేసినారంటే ఆ పక్క ఇప్పదీసి సరిసేసీసినారనే అనుకున్నాం. నావ దించినప్పుడు మా ఆయన కూడా అదే అన్నాడు. పాఠంలో అలగే గదా సెప్పినారు. సరిసెయ్యనేదా?"

"లేదమ్మా. పైపైన లప్పం పూసి రంగు వేశాను."

చిట్టెయ్య తలెత్తి నా వైపు చూశాడు.

"మరి ఆ రోజు టీ బడ్డీ కాడ సెప్పనేదేటి?" అంది పారమ్మ.

సిగ్గేసింది అన్నాను. అదొక్కటే నిజమైన జవాబు. ఆమె ముఖం తిప్పుకుంది. చిట్టెయ్య నా దగ్గర్నుంచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం సహాయ సంచాలకులు ఫోను చేశారు. ఆయనకు అప్పటికే విషయం తెలిసింది. ఆయన చెడ్డవారు కాదు, నా మంచి కోరే మాట్లాడారు. అనుమతి లేకుండా తీసుకెళ్లారు, మీరు సాక్షుల ముందు వద్దన్నారు, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చేయండి, మీ వైపు ఏ చిక్కూ ఉండదు అన్నారు. చెప్పినవన్నీ జరిగినవే. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా చిట్టెయ్య మీద దొంగతనం కేసు పెట్టించవచ్చు, నేను గౌరవంగా రిటైరు కావచ్చు. నేను ఆలోచించి చెబుతానన్నాను. వెంటనే కాదనలేకపోయినందుకు కూడా ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే పల్లెకు వెళ్లాను. అల తోసిన చోటే పొట్టు ఇసుకలో సగం కూరుకుని ఉంది. శిక్షణ తీసుకున్నవాళ్లను పిలిచాను. కొందరు రాలేదు. వచ్చినవాళ్లు దూరంగా నిలబడ్డారు. ఎవరూ నమస్కారం పెట్టలేదు. నేను గోకుడు బిళ్ల తీసుకుని కుడి పక్క రంగు గీకడం మొదలుపెట్టాను. లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కింద అతుకులు, అంచు మేకులు, నానిపోయిన మామిడి చెక్క బయటపడ్డాయి. ఏది ఎక్కడ తెరుచుకుందో, ఎందుకు తెరుచుకుందో ఒక్కొక్కటే చూపించాను. దీనిమీద రంగు వేసింది నేనే అని, ఎవరూ అడగకుండానే చెప్పాను. ఒక ముసలాయన ఉమ్మేసి వెళ్లిపోయాడు. మిగిలినవాళ్లు చివరిదాకా ఉన్నారు. నేను పదిమందికి చెప్పిన పాఠాల్లో దాన్ని విన్నంత శ్రద్ధగా ఎవరూ ఏదీ వినలేదు.

పాఠం అయ్యాక చిట్టెయ్య దగ్గరికి వచ్చాడు. కేసు పెడతారా అని అడగలేదు. "ఎడం పక్క ఒక్క పలకా కదల్నేదు మాస్టారూ. అది మా సేత్తో కొట్టిందే" అన్నాడు. ఆ మాటలో దెప్పు ఉందో, ఓదార్పు ఉందో నాకు తెలియలేదు. నావను చూస్తూ అన్నాడు, నన్ను చూస్తూ కాదు.

ఫిర్యాదు ఇవ్వనని సహాయ సంచాలకులకు ఫోనులో చెప్పాను. జరిగినదంతా, రంగుతో సహా, నివేదికలో రాశాను. రంగు వేయమన్నది ఆయనే అయినా, లోపం కప్పింది నా చేయి కాబట్టి నా పేరే రాశాను. దాంతో ఆయన కొంత తేలికపడ్డారు, కొంత చిన్నబుచ్చుకున్నారు. నాకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. అది న్యాయమే. న్యాయం కానిది ఇంకొకటి జరిగింది. పల్లెలో రెండో విడత శిక్షణ రద్దు చేశారు. ఆ విడతలో ఒక్కొక్క జట్టు సొంతంగా ఒక నావ కట్టుకోవాల్సి ఉంది. పనస పలకల్ని లారీలో వెనక్కి తీసుకుపోయారు. ఏ తప్పూ చేయనివాళ్లు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు.

ఎర్రయ్యను విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషను చేయించారు. కాలు నిలిచింది కానీ మోకాలు వంగదు. నేను చూడటానికి వెళితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తెచ్చిన పళ్లు మంచం పక్కన పెట్టి వచ్చేశాను. మోకాలు వంగని మనిషి ఊగే నావలో నిలబడలేడు. ఉలి, సుత్తి తనకు పడవన్నవాడికి సముద్రం కూడా లేకుండా పోయింది.

రిటైరయ్యాక ఒకసారి పలాసలో పనిబడి వెళ్లాను. ఎర్రయ్య అక్కడ ఒక జీడిపప్పు బట్టీలో పని చేస్తున్నాడని చిట్టెయ్య చెప్పాడు. వెళ్లి చూశాను. వరుసగా కూర్చున్న ఆడవాళ్ల చివర, వంగని కాలు ముందుకు చాపుకుని, గింజలు రకాలుగా వేరు చేస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు. ఈసారి ముఖం తిప్పుకోలేదు కూడా. ఆ రోజు చెప్పకపోవడం నా తప్పేనని అన్నాను. అతను చేతిలో పని ఆపలేదు.

"సెప్పుంటే ఎల్లకపోదుమని అనను మాస్టారూ. ఇంట్లో గింజల్నేవు. ఎల్లుదుమే. గాని ఆ పక్క బలం నేదని తెలిసుంటే, ఒడ్డుకొచ్చీటప్పుడు ఆ పక్క అలకి ఇయ్యకపోదుం. దూరంగా దిగిపోయి ఈదుకొచ్చీదుం. తెల్దు గావట్టి నమ్మీసినాం."

టీ తాగుతారా అని అడగలేదు. అడగాలని నేను ఆశించడం కూడా తగదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ పల్లె తర్వాత రిటైరయ్యేలోగా ఇంకో రెండు చోట్ల శిక్షణ ఇచ్చాను. తప్పుల పక్క మళ్లీ కట్టలేదు. తప్పులు చూపించాల్సి వస్తే విడి పలకల మీద, బల్ల మీద చూపించాను. నమూనా పొట్టు పని పూర్తికాగానే అందరి ముందూ అడుగు పలకలో చేయి దూరేంత కన్నం కోయించాను. అప్పుడు దాన్ని చూసి ఎవరూ నావ అనుకోరు. కన్నం కోసే రోజు అందరూ వింతగా చూసేవారు. ఎందుకని అడిగినవాళ్లకు ఎర్రయ్య కాలి సంగతి చెప్పేవాడిని.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు తరచుగా నన్ను కలుస్తుంటారు. వాళ్లకు నేను చెప్పేది ఇదే. నేర్పేవాడి నోట వినే ప్రతి మాటనూ ఎదుటివాడు నమ్మి, దాని మీద తన బరువు మోపుతాడు. అందుకని ఎవరినైనా వద్దని ఆపాల్సి వస్తే అసలు కారణం ముందు చెప్పాలి. అది మన పరువు తీసేదైనా సరే, అదే ముందు చెప్పాలి. నిబంధన తర్వాత చెప్పినా నష్టం లేదు.